పాత లెదర్ బైండు పుస్తకాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ముందు ఇది చదవండి

"బేకన్ వ్యాసాలు, 18వ శతాబ్దపు లండన్ ముద్రణ, ఒరిజినల్ లెదర్" అని ఫొటోలు పెట్టే ఆ ఇన్‌స్టా పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దయచేసి అక్కడ కొనకండి. 18,000 రూపాయలు ముందే యూపీఐలో వేయించుకుని నాకు అంటగట్టింది స్కాన్ చేసి అచ్చేసిన నకలు.

మా నాన్నగారు డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి, ఇంగ్లిష్ రచయిత ఫ్రాన్సిస్ బేకన్ రాసిన 'ఆఫ్ స్టడీస్' వ్యాసం పాఠం చెప్పారు. ఆయన కోసం కొన్నాను.

అట్ట చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ముదురు గోధుమ రంగు లెదరు, వీపు మీద ఉబ్బెత్తు పట్టీలు, బంగారు అక్షరాలు. బేకన్ 1625లో వేయించిన 58 వ్యాసాలూ ఇందులో ఉన్నాయో లేదో చూద్దామని నాన్నగారు ఎంతో ముచ్చటగా తెరిచారు. మొదటి పేజీలో ఏదో లైబ్రరీ ముద్ర, పక్కన ఎవరో చేత్తో రాసుకున్న పేరు. వేలితో తడిమి చూశారు. ముద్ర, చేతిరాత, అచ్చు అన్నీ ఒకే నలుపు, ఒకే నునుపు. నాలుగు పేజీలు తిప్పేసరికి అంచున స్కాన్ చేసినవాడి బొటనవేలు, గోరుతో సహా అచ్చయి ఉంది! "ఇది జిరాక్సేనమ్మా" అన్నారు.

వెంటనే మెసేజ్ పెట్టాను. "లెదర్ ఒరిజినలే కదా మేడమ్. చదువుకోడానికి ఏ కాగితమైతే ఏంటి?" అని జవాబు. మరి పురుగు తిన్న చిల్లులతో మీరు పెట్టిన ఫొటో సంగతేంటని అడిగితే "అది రిఫరెన్స్ ఫొటో" అన్నాడు. ఆ వెంటనే బ్లాక్ చేశాడు. డబ్బు పోయిన బాధ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

నకళ్లు అమ్మడం తప్పని నేననను. బేకన్ 1626లోనే పోయాడు, ఆయన రాతలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. నకలని చెప్పి నకలు ధరకి ఇస్తే నేనే కొనేదాన్ని. పాతదని నమ్మించి అమ్మడం దొంగతనం.

కొనేముందు ఒక పేజీని వెలుతురుకి పట్టి వీడియో తీసి పంపమనండి. అప్పట్లో చేత్తో తయారుచేసిన కాగితంలో అంగుళానికొకటి చొప్పున సన్నటి గీతలు కనబడతాయి. పాత ఇంగ్లిష్ అచ్చులో ఎఫ్‌లా కనిపించే పొడుగు ఎస్ అక్షరం చూసి మాత్రం నమ్మేయకండి, స్కాన్‌లో అదీ వచ్చేస్తుంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఆ పేజీలో కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ చేయండి, మీ స్క్రీన్‌షాట్లు నాకు పంపండి.