మేరీ గార్డెన్, పావ్లోవా, దెనోవ్: ఏ సెంటు మేలు?

పేరున్న కళాకారిణుల పేరుతో వచ్చిన పాత సెంట్లలో ఒక్కటే కొనుక్కోవాలంటే, నా లెక్కలో పోటీ ఈ మూడింటి మధ్యే.

మేరీ గార్డెన్ స్కాట్లండ్‌లో పుట్టిన ఒపెరా గాయని. 1902లో పారిస్‌లో ఫ్రెంచి సంగీతకర్త దెబ్యుసీ ఒపెరా ‘పెలియాస్, మెలిసాంద్’ మొదటిసారి ఆడినప్పుడు మెలిసాంద్ పాత్ర పాడింది ఆవిడే. 1910లలో రిగో కంపెనీ ఆవిడ పేరుతో సెంటు తెచ్చింది, పౌడరూ అమ్మింది. చరిత్ర కావాలంటే దీన్ని మించింది లేదు. కానీ వందేళ్ల సెంటు ఆనాటి వాసన ఇవ్వదు. నిమ్మజాతి నూనెలు ముందే పాడవుతాయి. మూత కాస్త వదులైతే చాలు, ఆల్కహాల్ ఎగిరిపోయి అడుగున గోధుమరంగు జిగట మిగులుతుంది. షోకేసుకైతే సరే, ఒంటికి వద్దు.

పావ్లోవా పేరు వింటే నాట్యం ఇష్టపడే మనవాళ్లకు మనసు లాగుతుంది. రుక్మిణీదేవి అరండేల్‌ను మన నాట్యం వైపు మళ్లించింది ఈ బాలే నర్తకి ప్రోత్సాహమే కదా! పాయో కంపెనీ వాళ్ల ఈ సెంటు జనానికి బాగా తెలిసింది 1977లో. పావ్లోవా పోయింది 1931లో. రజనీగంధ, మల్లె కలిసిన తెల్లపూల ఘుమఘుమ పట్టుచీర మీదికి చక్కగా నప్పుతుంది. అయినా ఆవిడ అభిరుచికి ఇందులో చోటెక్కడిది?

నా ఓటు 1986లో ఏవన్ తెచ్చిన దెనోవ్‌కే. జార్జియో, పాయిజన్ లాంటి ఘాటు సెంట్లు గదంతా కమ్మేస్తున్న రోజులవి. ఫ్రెంచి నటి కేథరిన్ దెనోవ్ పేరు పెట్టుకున్న ఈ సెంటు మాత్రం పచ్చిగా, చల్లగా మొదలవుతుంది. అది గాల్బనం మహిమ. మన ఇంగువ మొక్కకు దగ్గరి చుట్టమైన ఇరాన్ మొక్క నుంచి కారే బంక అది. లేత చిక్కుడుకాయ విరిస్తే వచ్చే వాసన ముక్కుకు తగులుతుంది. తర్వాత పూలు, చివర నాచు వాసన. తెర మీద ఆవిడలో కనిపించే నిబ్బరం ఈ సెంటులోనూ ఉంది. పేరుకూ పరిమళానికీ ఇంత చక్కగా కుదిరింది ఈ మూడింటిలో ఇదొక్కటే.

చిక్కల్లా ఇది తయారీలో లేకపోవడమే. పాత సరుకే వెతుక్కోవాలి. విప్పని పెట్టె, అందులోనూ స్ప్రే సీసా అయితే మేలు, గాలి తక్కువగా చొరబడుతుంది. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ ఊళ్లో ఉన్న సెంట్ల భాండాగారం ఓస్మోతెక్‌లో పాత సెంట్లను ఆర్గాన్ వాయువు నింపి 12 డిగ్రీల దగ్గర దాస్తారు. ఇంట్లో ఎండ తగలని బీరువా చాలు. కొట్టుకున్న వెంటనే వాసన కాస్త చప్పగా అనిపించినా తీర్పు చెప్పేయకండి, పావుగంట ఆగండి.