ప్లేరైట్ రివ్యూ: సెటప్ సులువే, జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాతే

వెబ్ అప్లికేషన్‌కి కొత్తగా ఎండ్ టు ఎండ్ టెస్టులు (యూజర్‌లాగే బ్రౌజర్‌లో యాప్‌ని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూసేవి) మొదలుపెట్టే టీమ్‌కి ఏ టూల్ మంచిదంటే నా ఓటు ప్లేరైట్‌కే. 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఓపెన్ సోర్స్ టూల్ ఇది, పైసా కట్టక్కర్లేదు. రాసిన టెస్టే క్రోమియం (క్రోమ్‌కి ఆధారం), ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ (సఫారీకి ఆధారం) మూడింటిలోనూ నడుస్తుంది. పైథాన్, జావా, డాట్‌నెట్‌లలోనూ రాయొచ్చు గానీ ఇక్కడ చెప్పేది టైప్‌స్క్రిప్ట్ సంగతి.

నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఉన్న మెషీన్‌లో ఎన్‌పీఎం ఇనిట్ ప్లేరైట్ కమాండ్ కొడితే చాలు. ఏ భాష, టెస్టులు ఏ ఫోల్డర్‌లో, గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపేది) ఫైల్ కావాలా, బ్రౌజర్లు ఇప్పుడే దించాలా అని అడిగి మిగతాది తనే చేసుకుంటుంది. లినక్స్ సర్వర్‌లో మాత్రం ఇన్‌స్టాల్ కమాండ్‌కి 'విత్ డెప్స్' తప్పకుండా తగిలించాలి. లేకపోతే సిస్టమ్ లైబ్రరీలు దొరక్క బ్రౌజర్ అసలు తెరుచుకోదు. కాన్ఫిగ్ ఫైల్‌లో 'వెబ్‌సర్వర్' సెట్టింగ్ కూడా అప్పుడే రాసేయండి. యాప్‌ని తనే స్టార్ట్ చేసి, యూఆర్‌ఎల్ పలికాకే టెస్టులు మొదలుపెడుతుంది.

దీని అసలు బలం ఆటో వెయిటింగ్. క్లిక్ చేసే ముందు బటన్ కనిపిస్తోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా, మీద ఇంకేదైనా అడ్డొచ్చిందా అన్నీ చూసుకుంటుంది. ఒక్కో టెస్టుకి 30 సెకన్లు, ఒక్కో ఎక్స్‌పెక్ట్‌కి (ఫలితం అనుకున్నట్టు ఉందా అని చూసే లైన్‌కి) 5 సెకన్లు గడువు. అందుకే స్లీప్‌లు (ఇన్ని సెకన్లు ఆగు అనే లైన్లు) రాయాల్సిన పనే లేదు. అయినా రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది, కనిపిస్తోందా అని అడిగే 'ఈజ్‌విజిబుల్'. అది వేచి ఉండదు, ఆ క్షణంలో ఉన్నది చెప్పేస్తుంది. దాని జవాబుని ఎక్స్‌పెక్ట్‌లో పెట్టే బదులు 'టుబీవిజిబుల్' వాడి, ముందు అవెయిట్ (పని పూర్తయ్యేదాకా ఆగమనే మాట) పెట్టాలి. రెండోది, సర్వర్‌లో రెండర్ అయ్యే పేజీలు. బటన్ తెరమీదకి వచ్చేసినా దానికి జావాస్క్రిప్ట్ ఇంకా తగులుకోదు. ప్లేరైట్ క్లిక్ చేస్తుంది, ఏమీ జరగదు. దీన్ని యాప్‌లోనే సరిచేయాలి: హైడ్రేషన్ (జావాస్క్రిప్ట్ తగులుకోవడం) అయ్యేదాకా బటన్‌ని డిసేబుల్‌గా ఉంచండి. నెట్ నెమ్మదిగా ఉన్న యూజర్‌కి కూడా అదే మేలు.

తెలుగు ఇంటర్‌ఫేస్ ఉన్న యాప్‌లకి ఇంకో చిక్కుంది. పేజీలో 'లాగిన్' అని ఉంటుంది, టెస్టులోనూ 'లాగిన్' అనే రాస్తారు, అయినా మాట సరిగ్గా అదేనా అని చూసే 'టుహ్యావ్‌టెక్స్ట్' ఫెయిలవుతుంది. ఎక్స్‌పెక్టెడ్, రిసీవ్డ్ లైన్లు రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. చాలాసార్లు కారణం పొల్లు తర్వాత కనపడకుండా కూర్చున్న జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం (పక్క అక్షరంతో కలవకుండా ఆపేది). కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ప్లేరైట్ అదనపు ఖాళీలని సర్దుకుంటుంది గానీ ఈ అక్షరాన్ని తీసేయదు. మాటని బట్టి పేజీలో వెతికే 'గెట్‌బైటెక్స్ట్'కి మామూలుగా కొంత భాగం కలిస్తే చాలు కాబట్టి అక్కడ ఇది బయటపడకపోవచ్చు. ట్రాన్స్‌లేషన్ ఫైల్‌లో పదం చివర ఉన్నవాటిని ఏరేయడమే సరైన మందు. పదం మధ్యలో ఉన్నవాటి జోలికి వెళ్లకండి, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపేది అదే.

స్క్రీన్‌షాట్ టెస్టులకి సర్వర్‌లో తెలుగు ఫాంట్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. ఆ డబ్బాల బొమ్మనే బేస్‌లైన్‌గా (పోల్చి చూసే అసలు బొమ్మగా) దాచేస్తే టెస్టు రోజూ పాసవుతూనే ఉంటుంది. ఉబుంటులో 'ఫాంట్స్ నోటో కోర్' ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. మ్యాక్‌లో తీసిన బేస్‌లైన్ లినక్స్‌లో పనికిరాదు, సీఐలో (టెస్టులు ఆటోమేటిక్‌గా నడిచే చోట) వాడే డాకర్ ఇమేజ్‌లోనే (రెడీమేడ్ సిస్టమ్ ప్యాకేజీలోనే) తీయాలి.

లాగిన్ ఒక్కసారి చేసి 'స్టోరేజ్‌స్టేట్' ఫైల్‌లో దాచుకుంటే బోలెడు టైమ్ మిగులుతుంది. కుకీలు, లోకల్ స్టోరేజ్ అందులోకి వస్తాయి, సెషన్ స్టోరేజ్ రాదు. లాగిన్ ఉన్న ఆ ఫైల్ కోడ్‌తో పాటు బయటికి వెళ్లకుండా దాని పేరు గిట్ ఇగ్నోర్‌లో రాయడం మరవొద్దు. ప్యారలల్‌గా నడిచే టెస్టులకి బ్రౌజర్ కాంటెక్స్ట్ (విడి బ్రౌజర్ సెషన్) వేరైనా డేటాబేస్ ఒకటే. రెండు టెస్టులూ ఒకే యూజర్ కార్ట్‌ని ఖాళీ చేస్తే ఏదో ఒకటి ఫెయిలవుతుంది. ఒక్కో వర్కర్‌కి (టెస్టులు నడిపే ప్రాసెస్‌కి) ఒక్కో యూజర్ ఉండాలి.

లోటు చెప్పాలంటే, వెబ్‌కిట్‌లో పాసైనంత మాత్రాన ఐఫోన్ సఫారీలో పాసైనట్టు కాదు. పేమెంట్, వీడియో లాంటివి నిజమైన ఫోన్‌లో చూడాల్సిందే.

ట్రేస్ (టెస్టు నడిచిన తీరు రికార్డు) చూపే ట్రేస్ వ్యూయర్ కోసమైనా ఈ టూల్ వాడొచ్చు. ఏ అడుగులో పేజీ ఎలా ఉంది, ఏ రిక్వెస్ట్ వెళ్లింది అన్నీ వెనక్కి తిప్పి చూడొచ్చు. అయితే సెటప్‌తో వచ్చే సెట్టింగ్ 'ఆన్ ఫస్ట్ రీట్రై' (ఫెయిలైన టెస్టుని మొదటిసారి మళ్లీ నడిపినప్పుడే రికార్డు), అంటే రీట్రై సున్నా అయితే ట్రేస్ కూడా ఉండదు. అలాంటప్పుడు 'రిటైన్ ఆన్ ఫెయిల్యూర్' (ఫెయిలైతే ట్రేస్ ఉంచు) పెట్టండి. రీట్రైలు ఉంచుకుంటే, రెండోసారి పాసైన టెస్టుని రిపోర్ట్ 'ఫ్లేకీ' అంటుంది గానీ బిల్డ్ పచ్చగానే ఉంటుంది. 'ఫెయిల్ ఆన్ ఫ్లేకీ టెస్ట్స్' ఫ్లాగ్ ఇస్తే ఆ బిల్డ్ ఎర్రగా ఆగుతుంది, ట్రేస్ కూడా చేతిలో ఉంటుంది. మొదటి రోజు నుంచే ఇలా పెట్టుకోండి, రెండొందల టెస్టులు పోగయ్యాక పెట్టడం చాలా కష్టం.