కచేరీయా, సినిమా పాటా: ఏది మేలు?

చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి డిసెంబరు వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు. తమిళుల మార్గళి మాసంలో జరిగే కర్ణాటక సంగీత కచేరీలతో మైలాపూరు సభలు కళకళలాడతాయి. "ఇంకా ఆ సినిమా పాటలేనామ్మా?" అని మొహం చిట్లించే పెద్దమనుషులూ తగులుతూనే ఉంటారు. నాకు సినిమా పాటలంటే ప్రాణం. అందులో సిగ్గుపడాల్సిందేమీ కనిపించదు.

లోతు మాటకొస్తే కచేరీదే పైచేయి. మంచి విద్వాంసులు తోడి రాగం ఎత్తుకుని అరగంట సేపు ఆలాపన చేస్తే, దానికి సాటి వచ్చే సినిమా పాట నాకు తెలియదు.

సాహిత్యం దగ్గర మాత్రం నా ఓటు సినిమా పాటకే. త్యాగరాజు రాసింది మన తెలుగులోనే. కానీ ఇక్కడి సభల్లో మాటని మధ్యలో విరిచి, ఒత్తులు మింగేసి పాడేవాళ్లు తక్కువేం కాదు. పక్క సీట్లో పెద్దావిడ కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తుంటుంది. నాకేమో అర్థం తెగిపోయి ప్రాణం ఉసూరుమంటుంది. బాలుగారి పాటలో ఆ బాధ లేదు, ప్రతి అక్షరమూ చెవిన పడుతుంది. పద్ధతిగా కర్ణాటక సంగీతం నేర్చుకోకుండానే 1980లో విడుదలైన 'శంకరాభరణం' పాటకి జాతీయ అవార్డు అందుకున్నారాయన.

ఇక, "ఇట్టే నోటికొచ్చేస్తుంది కాబట్టి తక్కువ రకం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. నోటికొచ్చేలా కట్టడమే కష్టం! 'నాటు నాటు' వినండి. ఆరు దెబ్బల నడక కాలు ఆగనివ్వదు. చంద్రబోస్ సాహిత్యంలో పోలేరమ్మ జాతర, కిర్రు చెప్పులు, జొన్నరొట్టెలో మిరపతొక్కు, అన్నీ మన ఊరి సరుకే. 2023లో ఆస్కార్ తెచ్చింది ఆ పాటే.

పెద్దల పేరు చెప్పి జనం పాటని చిన్నచూపు చూసేవాళ్లకి ఇంకో సంగతి. త్యాగరాజు కాలంనాటి మరో పెద్ద వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు ఇదే మద్రాసులో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం రాశారు. అవే నొట్టుస్వరాలు. ఇంగ్లండు రాజగీతం బాణీ కూడా వాటిలో ఉంది. త్యాగరాజు దివ్యనామ కీర్తనలైతే భజనలో నలుగురూ గొంతు కలపడానికి వీలైనవి. అంత విద్వత్తు ఉన్నవాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

ఖర్చు పెద్ద సమస్య కాదు. సీజన్‌లో చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితమే, టికెట్టు సాయంత్రాలకే. నిలకడలో మాత్రం సినిమా పాట వెనకబడుతుంది. ఈ ఏడాది హిట్లలో చాలావాటిని వచ్చే ఏడాది ఎవరూ తలుచుకోరు. కృతులు రెండు వందల ఏళ్లుగా నిలిచాయి.

అయినా రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే సినిమా పాటే ఉంచుకుంటాను. ఆఫీసు టెన్షనంతా మోసుకుని రోజూ ఓఎమ్మార్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కునే నన్ను నాలుగు నిమిషాల్లో మళ్లీ మనిషిని చేసేది అదే.