పాస్ ఉన్నా సీటు వేరేగా కొనాలి: యూరైల్ రిజర్వేషన్ సర్వీస్ ఎంతవరకు పనికొస్తుంది?

యూరప్ దేశాల రైళ్లలో తిరగడానికి ఒకే టికెట్‌లా పనిచేసే యూరైల్ పాస్ ఉంటే అక్కడ ఏ రైలైనా ఎక్కేయొచ్చన్న మాట సగమే నిజం. పాస్‌తో తీరేది ఛార్జీ ఒక్కటే. ఫ్రాన్స్‌లో టీజీవీ, స్పెయిన్‌లో ఆవే, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, లండన్ వెళ్లే యూరోస్టార్... ఈ హైస్పీడ్ రైళ్లలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి, ఆ డబ్బు వేరు. యూరప్‌లో ఉండేవాళ్లకు ఇదే పాస్ ఇంటర్‌రైల్ పేరుతో వస్తుంది. సీట్ల విషయంలో ఇద్దరి కష్టాలూ ఒకటే.

యూరైల్ వాళ్లు తమ సైటులోనే రిజర్వేషన్ సర్వీస్ నడుపుతున్నారు. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: టీజీవీకీ, యూరోస్టార్‌కీ ఇది వాడుకోండి. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ రైళ్లకు దీని జోలికి పోనక్కర్లేదు. కారణం సర్వీస్ ఛార్జీ. సీటు ధర మీద మనిషికి, రైలుకు 2 యూరోలు అదనంగా పడుతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ నలుగురున్న కుటుంబం మూడు రైళ్లు బుక్ చేస్తే 24 యూరోలు ఊరికే పోతాయి.

అసలు చిక్కంతా ఫ్రాన్స్‌లో ఉంది. దేశంలో తిరిగే టీజీవీ ఇనుయి రైళ్లలో పాస్ వాళ్లకు సీటు 10 యూరోలు, లేదంటే 20. పది యూరోల సీట్లు కొన్నే పెడతారు, అవి అయిపోయాక ఇరవై. ఫ్రాన్స్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లే లిరియా, పారిస్-బార్సిలోనా లాంటి అంతర్జాతీయ రైళ్లలో ధర ఇంకా ఎక్కువ, పాస్ వాళ్లకు విడిగా ఉంచే సీట్లు, అంటే పాస్ కోటా, ఇంకా తక్కువ. ఆ కోటా నిండగానే సైటు సీట్లు లేవంటుంది. అదే రైలుకు మామూలు టికెట్లు మాత్రం అమ్ముడవుతూనే ఉంటాయి. కాబట్టి ‘ఫుల్’ అని కనబడగానే రైలంతా నిండిపోయిందని అనుకోకండి. ముందు అదే రోజు మధ్యాహ్నం రైళ్లు చూడండి. శుక్రవారం సాయంత్రాలు, ఆదివారాలు, జూలై, ఆగస్టు నెలల్లో కోటా ముందుగా అయిపోతుంది. ఫ్రెంచి రైల్వే సొంత యాప్ ఎస్‌ఎన్‌సీఎఫ్ కనెక్ట్‌లో పాస్ రిజర్వేషన్లు అమ్మరు. యూరైల్ సైటు వద్దనుకుంటే స్టేషన్ కౌంటర్‌లో కొనుక్కోవచ్చు. అక్కడ ఆ 2 యూరోలు ఉండవు, క్యూ ఉంటుంది. చౌక రైళ్లు ఊయిగోలలో పాస్ అసలు చెల్లదు. టైంటేబుల్లో కనిపించాయి కదా అని ఎక్కితే టికెట్ లేని ప్రయాణమే.

కోటా దొరక్కపోతే దారి లేకపోలేదు. పారిస్ నుంచి దిజోన్ మీదుగా ల్యోన్ వెళ్లే టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లకు రిజర్వేషన్ అక్కర్లేదు. టీజీవీలో రెండు గంటల దారికి సుమారు ఐదు గంటలు పడుతుంది, అంతే తేడా.

లండన్ యూరోస్టార్‌లో పాస్ వాళ్లకు రెండో తరగతి సీటు 30 యూరోలకు తగ్గదు. కోటా కూడా బిగుతే, అందుకే ప్రయాణ ప్లాన్‌లో అన్నిటికంటే ముందు దీన్నే బుక్ చేసి, మిగతా రైళ్లు దాని చుట్టూ పెట్టుకోవడం మంచిది. బయల్దేరడానికి 30 నిమిషాల ముందే గేట్లు మూసేస్తారు, పాస్‌పోర్ట్ తనిఖీ కూడా ఉంటుంది, గంటన్నర ముందు వెళ్తే నిశ్చింత. లండన్‌కు షెంజెన్ వీసా చాలదన్న సంగతీ మరవద్దు. ఒకప్పటి తాలిస్ (పారిస్-బ్రసెల్స్-ఆమ్‌స్టర్‌డామ్) రైళ్లు 2023 నుంచి యూరోస్టార్ పేరుతోనే తిరుగుతున్నాయి, వాటికీ రిజర్వేషన్ కావాలి. కానీ బ్రసెల్స్-ఆమ్‌స్టర్‌డామ్ మధ్య రిజర్వేషన్ అక్కర్లేని ఇంటర్‌సిటీలు ఉండగా ఆ డబ్బు పెట్టడం దండగ.

ఇటలీ తేలిక. అక్కడి రైల్వే ట్రెనిటాలియా సైటులో మామూలుగా రైలు వెతికి, ఆఫర్లలో ‘గ్లోబల్ పాస్’ ఎంచుకుంటే ఫ్రెచ్చారోస్సా సీటు 13 యూరోలకు వస్తుంది. రోమ్-ఫ్లోరెన్స్‌కు గంటన్నర రైలు వద్దనుకుని, మూడున్నర గంటలకు పైగా పట్టే రెజొనాలె (ప్రాంతీయ రైలు) ఎక్కితే ఆ 13 కూడా మిగులుతాయి.

జర్మనీలో హైస్పీడ్ రైలు ఐసీఈకి రిజర్వేషన్ ఐచ్ఛికం. కావాలంటే జర్మన్ రైల్వే డాయిష్ బాన్ సైటులో టికెట్ లేకుండా సీటు మాత్రమే కొనుక్కునే వీలుంది. రెండో తరగతికి 5 యూరోల పైచిలుకు. ఆస్ట్రియా ఎక్స్‌ప్రెస్ రైలు రైల్‌జెట్‌కు అక్కడి రైల్వే ఓబీబీ సైటులో 3 యూరోలు. రిజర్వేషన్ లేకుండా ఎక్కితే సీటు పైన డిస్‌ప్లే చూడండి. అక్కడ ఊళ్ల పేర్లుంటే ఆ రెండు ఊళ్ల మధ్య ఆ సీటు వేరేవాళ్లది. వాళ్లు ఎక్కాల్సిన స్టేషన్ దాటి 15 నిమిషాలైనా రాకపోతే నిర్భయంగా కూర్చోవచ్చు. ఒక మినహాయింపు: జర్మనీ నుంచి పారిస్ వెళ్లే ఐసీఈ, టీజీవీలకు రిజర్వేషన్ తప్పనిసరి.

స్పెయిన్‌లో అక్కడి రైల్వే రెన్ఫె సైటు పాస్ వాళ్లకు దాదాపు పనికిరాదు. బార్సిలోనా సాంత్స్‌లోనో, మాడ్రిడ్ ఆతోచాలోనో కౌంటర్ దగ్గర నంబర్ చీటీ తీసుకుని కూర్చోవాల్సిందే. ఎలాగూ కూర్చుంటారు కనుక, స్పెయిన్‌లో ఎక్కబోయే రైళ్లన్నీ తేదీలు, రైలు నంబర్లతో ఒక కాగితం మీద రాసిచ్చి ఒకేసారి బుక్ చేయించుకోండి. ఆవే రైళ్లకు సామాను స్కానింగ్ ఉంటుంది, ఆఖరి నిమిషంలో పరుగెత్తితే కుదరదు.

ఇక ప్రయాణం రోజు. పాస్ క్యూఆర్ కోడ్ వేరు, రిజర్వేషన్ కోడ్ వేరు. టీసీకి రెండూ చూపించాలి. యూరైల్ వాళ్ల రైల్ ప్లానర్ యాప్‌లో ఆ రోజు ఎక్కబోయే రైలును ట్రిప్‌లో చేర్చి, దాన్ని పాస్‌కు ఆన్ చేస్తేనే పాస్ కోడ్ వస్తుంది. ఇది రైలెక్కకముందే చేయాలి. ఫ్రెంచి స్టేషన్లలో గేటు తెరిచేది రిజర్వేషన్ కోడే, అది ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

టీజీవీ రిజర్వేషన్ మీద మూడు వివరాలు చూడాలి: వ్వాతూర్ అంటే బోగీ, ప్లాస్ అంటే సీటు, రెండంతస్తుల రైలైతే సాల్ ఓత్ పై అంతస్తు, సాల్ బాస్ కిందిది. బోగీ నంబర్ విషయంలో జాగ్రత్త. చాలాసార్లు రెండు రైళ్లు జోడించి నడుపుతారు. ముందుదానిలో 1 నుంచి 8 వరకు బోగీలుంటే, వెనకదానిలో 11 నుంచి 18 వరకు. రెండింటి మధ్య లోపల దారి ఉండదు, పైగా మధ్యలో ఏదో స్టేషన్‌లో విడిపోయి చెరో ఊరికి వెళ్లే రైళ్లూ ఉన్నాయి. ప్లాట్‌ఫామ్ నంబర్ సుమారు 20 నిమిషాల ముందు బోర్డు మీద పడుతుంది, తలుపులు 2 నిమిషాల ముందు మూస్తారు. ప్లాట్‌ఫామ్ మీద అక్షరాలతో గుర్తులుంటాయి, ఏ అక్షరం దగ్గర మీ బోగీ ఆగుతుందో స్క్రీన్ మీద చూసి అక్కడే నిలబడండి.

రైల్ ప్లానర్ యాప్ టైంటేబుల్ ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది, రిజర్వేషన్ అక్కర్లేని రైళ్లు మాత్రమే చూపమని ఫిల్టర్ పెట్టుకోవచ్చు. ఇది మెచ్చుకోదగ్గది. ఆలస్యాలు, రద్దుల కోసం మాత్రం ఆయా దేశపు రైల్వే యాప్‌నే నమ్మండి. డిసెంబర్ మధ్యలో యూరప్ టైంటేబుల్ మారుతుంది, ఆ తర్వాతి తేదీలకు సీట్లు ఆలస్యంగా తెరుస్తారు, ముందే వెతికి కంగారు పడొద్దు.

రైలు తప్పిపోతే పాస్ ఆ రోజు అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. రిజర్వేషన్ మాత్రం ఆ ఒక్క రైలుకే. తర్వాతి టీజీవీ కావాలంటే కౌంటర్‌లో మళ్లీ 10 లేదా 20 యూరోలు కట్టాల్సిందే, అదీ కోటా మిగిలి ఉంటేనే.