గంటా నలభై నిమిషాల విమానం, రోజంతా ప్రయాణం

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బియెన్‌కి ఆకాశమార్గంలో దాదాపు 960 కిలోమీటర్లు. విమానంలో గంటా నలభై నిమిషాలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పట్టే టైం కన్నా తక్కువే! జూన్‌లో వెళ్లాం. టికెట్ చూసి, మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటామని మా ఆవిడకి ధీమాగా చెప్పాను.

అసలు తిరకాసు దూరంతో కాదు, వీసాతో. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి అయిన షెంగెన్‌లో లేదు. అక్కడికి వెళ్తే షెంగెన్ దాటినట్టే, తిరిగొస్తే రెండోసారి అడుగుపెట్టినట్టే. సింగిల్ ఎంట్రీ వీసా అయితే వెనక్కి రానివ్వరు. మాది మల్టిపుల్ కాబట్టి బతికిపోయాం. ఓస్లో నుంచి ట్రోమ్సో మీదుగా వెళ్లే విమానంలో వచ్చినవాళ్లు కూడా ట్రోమ్సోలో చేతి సంచులతో సహా దిగి, పాస్‌పోర్టు చూపించి, మళ్లీ అదే విమానం ఎక్కాలి. ఆ క్యూలో పసిపిల్లలతో నిలబడ్డవాళ్లని చూస్తే జాలేసింది.

దారంతా మబ్బులే. సగం దూరం దాటాక వచ్చే బేర్ ఐలాండ్ కూడా కనపడలేదు. కిందికి దిగుతుంటే ఒక్కసారిగా మంచు చారల కొండలు, సీసం రంగు సముద్రం, దాని అంచునే రన్‌వే. 1975లో తెరిచిన ఈ ఎయిర్‌పోర్టు కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైపొర కరిగి రన్‌వే అక్కడక్కడ కుంగుతుందట. బయట దూరాల బోర్డు, దాని పక్కనే తెల్ల ఎలుగుబంటి హెచ్చరిక. ఉత్తర ధ్రువం అక్కడికి దాదాపు 1,300 కిలోమీటర్లే.

పైన కొండలో ప్రపంచ దేశాల పంటల విత్తనాలు భద్రంగా దాచే ఖజానా ఉంది. లోపలికి పోనివ్వరు, బయటి తలుపు చూసి రావడమే. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, కంది విత్తనాలు ఆ కొండలో ఉన్నాయంటే మాత్రం కాసేపు కదలబుద్ధి కాలేదు.

విమానం దిగగానే బస్సు సిద్ధంగా ఉంటుంది, హోటళ్ల దగ్గరే దింపుతుంది. ఈ సర్వీసుకి నా ఓటు. మేం దిగింది ఒకప్పటి గని కార్మికుల గదుల్లో. ఊరికి దూరం, ఉమ్మడి బాత్రూమ్, పక్క గదిలో దగ్గినా వినపడే గోడలు. డబ్బు మిగిలింది గానీ నిద్ర మిగల్లేదు. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు కదా, కర్టెన్ పక్కనుంచి రాత్రంతా ఎండ. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి, బొగ్గు మసి రోజుల నాటి అలవాటు. మనకదేం కొత్త కాదుగా. తిండికి దిగులు పడ్డాం గానీ, అక్కడ థాయ్ వాళ్లు చాలామంది ఉన్నారు. అన్నం, ఘాటైన మిరపకాయల కూర దొరికాయి. ఊరు దాటి సొంతంగా నడవకండి. తుపాకీ ఉన్న గైడ్‌తోనే వెళ్లాలి.

తిరుగు రోజు పొగమంచు. విమానం నాలుగు గంటలు లేటు, ఎందుకో చెప్పేవాళ్లే లేరు. ట్రోమ్సో నుంచి ఓస్లోకి వేరే టికెట్ కొని తప్పు చేశాను, ఆ డబ్బులు పోయాయి. మీరు మాత్రం తిరుగు ప్రయాణంలో ట్రోమ్సోలో ఒక రాత్రి చేతిలో ఉంచుకోండి. మాకు గది దొరికేసరికి రాత్రి పన్నెండయింది. ఎండలో సూట్‌కేసులు లాగుతూ, "భోజనానికి చేరిపోతామన్నారు కదా, ఏ పూట భోజనానికండీ?" అంది మా ఆవిడ.