శాలిహుండం, శ్రీముఖలింగం: ఒకే నది, రెండు విశ్వాసాలు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార తీరాన ఉన్న ఈ రెండు క్షేత్రాలలో, విశ్వాసం నేలతోనూ మనుషులతోనూ ఎలా ముడిపడిందో తెలుసుకోదలచినవారు ముందుగా శ్రీముఖలింగమే చూడాలని నా అభిప్రాయం. 1919లో గిడుగు రామమూర్తి గుర్తించిన శాలిహుండం కొండ మీది స్తూపాలు, చైత్యగృహాలు (బౌద్ధుల ప్రార్థనా మందిరాలు) వెయ్యేళ్లకు పైగా సాగిన బౌద్ధ జీవనానికి ఆనవాళ్లు; నది సముద్రంలో కలిసే కళింగపట్నం రేవు చేరువలోనే ఉన్నందున, ఓడ వర్తకుల దానాలు ఆ విహారాన్ని పోషించి ఉంటాయని ఊహించవచ్చు. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు అక్కడి బౌద్ధం క్రమంగా వజ్రయానం అనే తాంత్రిక శాఖ వైపు మళ్లిందని చెబుతున్నాయి.

శ్రీముఖలింగం నేటికీ పూజలందుకుంటున్న ఆలయం. కళింగను ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని పలువురు చరిత్రకారులు భావిస్తారు. మధుకేశ్వరుడనే పేరులోని మధుకం అంటే ఇప్పచెట్టు. సవర గిరిజనులు నరికిన ఇప్పమొద్దులో శివుడు వెలిశాడన్న స్థలగాథను చరిత్రగా తీసుకోకపోయినా, అడవి బిడ్డలకు తిండి పెట్టిన చెట్టే రాజులు కొలిచే దైవంగా మారిన తీరు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. 12వ శతాబ్దిలో రాజధాని కటకానికి (నేటి ఒడిశాలోని కటక్‌కు) తరలినా, శివరాత్రికి జనం రావడం మానలేదు. శాలిహుండంలో మాత్రం విహారం ఖాళీ అయ్యాక దీపం పెట్టేవారు మిగలలేదు.