పెళ్ళి బాక్సుల్లో నోయిర్ సినిమా: బరంపురం సౌండ్ సర్వీసు ఎలా ఉంది?

బరంపురం పెద్దబజారు వైపున్న ఈ సౌండ్ సర్వీసుకి అసలు గిరాకీ పెళ్ళి ఊరేగింపులు, వినాయక చవితి పందిళ్ళు, ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర. ఈమధ్య ప్రొజెక్టరు కూడా పెట్టారు. ఎనిమిదడుగుల తెర, గొంతూ పై స్వరాలూ పలికే టాప్ బాక్సులు రెండు, దడదడలాడే బేస్ బాక్సులు రెండు, మిక్సరు, వెంట ఒక ఆపరేటరు, అంతా కలిపి రాత్రికి 4,000 రూపాయలు. ఊళ్ళో అయితే ఆటో ఖర్చు అందులోనే. ఛత్రపురం, ఇచ్ఛాపురం అయితే వేరే. నలభై కుర్చీల హాల్లో మూడు రాత్రులు పాత నోయిర్ సినిమాలు (నేరాలు, చీకటి నీడల నలుపు-తెలుపు కథలు), చివర్లో ఒక మ్యూజికల్ వేయించి రాస్తున్న సమీక్ష ఇది. సామాను గట్టిది. ఆపరేటరు తెలుగువాడే, చెప్పింది వింటాడు. చెప్పకపోతే మాత్రం బాక్సులు బరాత్ సెట్టింగులోనే మోగుతాయి, సినిమా అక్కడే చచ్చిపోతుంది.

1940ల హాలీవుడ్ శబ్దం మోనో, అంటే ఎడమా కుడీ లేని ఒకే ఛానల్. ఫిల్ము అంచున శబ్దాన్ని వెలుతురు గీతగా అచ్చేసే ఆప్టికల్ ట్రాకులో గరగర ఎక్కువ కాబట్టి, ఆస్కార్లిచ్చే అకాడెమీ అప్పటి ప్రమాణం ప్రకారం హాళ్ళలో పై స్వరాలను బాగా అణిచి వినిపించేవారు. 8,000 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి మిగిలేది బహు తక్కువ. కిందా అంతే, 100 హెర్ట్జ్ దిగువన పెద్దగా ఏమీ ఉండదు. మనిషి గొంతు, వయొలిన్లు, క్లారినెట్టు ఉండే మధ్య భాగంలోనే సరుకంతా ఉంది. డీజే సెట్టింగు దీనికి పూర్తిగా తలకిందులు: కింద దడదడ, పైన చిటచిట, నడుమ గొయ్యి.

మొదటి రాత్రి ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) టైటిళ్ళలోనే తేడా తెలిసిపోయింది. చంకకర్రల మీద ఒక మనిషి నీడ మనవైపు నడిచి వస్తుంటుంది, వెనక మిక్లోష్ రోజా బాణీ కాళ్ళీడ్చినట్టు బరువుగా సాగుతుంది. అందులో భయం పుట్టించేది డప్పు కాదు, ఒకదానితో ఒకటి పొసగక ఒరుసుకునే స్వరాలు. బేస్ బాక్సులు ఆన్‌లో ఉంటే ఆ ఒరిపిడి వినబడదు, ఊరేగింపు వస్తున్నట్టుంటుంది.

కాబట్టి బేస్ బాక్సులకు కరెంటే ఇవ్వొద్దు. టాప్ కూడా ఒక్కటి చాలు, తెర కింద సరిగ్గా మధ్యలో, కూర్చున్నవాళ్ళ తల ఎత్తున స్టాండు మీద పెట్టించండి. రెండు మూలలా రెండు పెడితే ఒకే మోనో శబ్దం రెండు దూరాల నుంచి చెవికి చేరుతుంది, పక్క కుర్చీలవాళ్ళకి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మిక్సరులో కింది స్వరాలను కోసేసే లో-కట్ బటన్ నొక్కాలి, హై నాబ్ కొంచెం తగ్గించి మిడ్ ఒక పిసరు పెంచాలి. అన్నిటికంటే ముందు ఎకో సున్నాకి తిప్పించండి. పెళ్ళి మైకు కోసం పెట్టిన ఎకో అలాగే ఉండిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. ‘ది థర్డ్ మ్యాన్’ (1949)లో అది ఘోరం. ఆ సినిమాకి వాద్యబృందమే లేదు, ఆంటన్ కరాస్ ఒక్కడే జిథర్ వాయించాడు. మన స్వరమండల్‌కి దగ్గర చుట్టం ఆ వాద్యం. శిథిలాల వియన్నాలో హత్యలు, కల్తీ మందులు నడుస్తుంటే ఆ తీగలు వెక్కిరిస్తున్నట్టు హుషారుగా మోగుతాయి. ఒక్కో మీటు విడివిడిగా తెగి వినబడితేనే ఆ వెక్కిరింత. ఎకో పడితే అంతా కలిసి గుడి మంటపంలో భజన అవుతుంది.

రెండో రాత్రి ఇంకో ముచ్చట. ల్యాప్‌టాప్ నుంచి మిక్సరుకి ఆపరేటరు రెండు నల్ల గీతల పిన్నున్న వైరు వేశాడు, సినిమా మొత్తం మూగబోయింది, సన్నని హిస్ తప్ప ఏమీ లేదు. వాల్యూమ్ ఎంత పెంచినా అంతే. వైరు పాడవలేదు. ఆ స్టీరియో పిన్ను బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లోకి (రెండు వైర్ల మధ్య తేడానే వినే మైకు తరహా సాకెట్) వెళ్తే మిక్సరు ఎడమలోంచి కుడిని తీసేస్తుంది. మోనో సినిమాలో రెండూ ఒకటే కదా, తీసేస్తే మిగిలేది సున్నా. కొత్త సినిమా పాటలతో టెస్ట్ చేస్తే ఎంతోకొంత మోగుతుంది, అందుకే ముందు పట్టుబడదు. ఒక వైపు సన్న జాక్, రెండో వైపు రెండు విడి పిన్నులుండే వైరు అడిగి, రెండు ఛానళ్ళలో పెట్టించి, ఎడమా కుడీ తిప్పే పాన్ నాబ్‌లు మధ్యలో ఉంచాలి. బ్లూటూత్ అసలు వద్దు, పెదవి కదిలాక మాట వస్తుంది. హమ్, అంటే కరెంటు జుయ్యిమనే మోత వస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడిపించండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు (చవక రకం) మీద నడిచే హాలైతే ఆ మోత పోదు.

‘లారా’ (1944) వేసేటప్పుడు ఆపరేటరుకి ఒక్క మాట ముందే చెప్పాలి. లారా ఇంట్లో డిటెక్టివ్ ఒంటరిగా తిరిగే చోట పియానో వణుకుతుంది. సంగీత దర్శకుడు డేవిడ్ రాక్సిన్ మీట నొక్కిన దెబ్బను వదిలేసి వెనక మిగిలే మోతనే పట్టి, దానికి వణుకు కలిపించాడు. తెలియనివాడు వైరు కదిలిందనుకుని జాక్ లాగుతాడు. లాగాడు కూడా.

‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958)కి ఏ కాపీ అన్నది ముఖ్యం. అప్పట్లో విడుదలైనదాంట్లో మూడు నిమిషాల పైచిలుకు సాగే మొదటి షాట్ మీద హెన్రీ మాన్సినీ టైటిల్ సంగీతం ఉంటుంది. దర్శకుడు ఆర్సన్ వెల్స్ స్టూడియోకి రాసిన 58 పేజీల మెమోని పట్టుకుని ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1998లో చేసిన కూర్పులో అది లేదు. బాంబు పెట్టిన కారు వీధిలో కదులుతుంటే దాని రేడియో, దారిలోని ఒక్కో క్లబ్బు పాట దగ్గరై దూరమవుతాయి. సౌండ్ సెట్టుకి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. మిడ్ సరిగా ఉంటే ఏ తలుపు ముందు ఉన్నామో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఈ బాక్సు పాసయింది.

మూడో రాత్రి ‘క్యాబరే’ (1972). 1931 నాటి బెర్లిన్, పాటలన్నీ క్లబ్బు వేదిక మీదే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ బయట తోటలో ఒక కుర్రాడి లేత గొంతుతో మొదలై, కెమెరా కిందకి దిగి అతని నాజీ పట్టీ చూపించాక జనమంతా అందుకుంటుంది. చిన్నగా ఉన్నప్పుడు ఆపరేటరు వాల్యూమ్ పెంచాడు, పెద్దదయ్యాక తగ్గించాడు. పాట పెరగడమే అక్కడ భయం, దాన్ని చదును చేసేశాడు. సినిమా మొదలయ్యాక ఫేడర్ (వాల్యూమ్ జరిపే మీట) ముట్టుకోవద్దని చెప్పి కూర్చోండి.

ప్రొజెక్టరు వెలుతురు ఫరవాలేదు, కాకపోతే నలుపు కాస్త బూడిద రంగు. దాని ఫ్యాను మోత ఎక్కువ, వెనక వరస దాటించి పెట్టించాలి. సీలింగ్ ఫ్యాన్లు రెండులో తిప్పితే చాలు. హెచ్‌డీఎమ్ఐ వైరు మనదే తీసుకెళ్ళడం మేలు, వాళ్ళ దగ్గర స్పేర్ లేదు.

బేస్ బాక్సులు వద్దని బుకింగ్ అప్పుడే చెబితే 800 తగ్గిస్తారు. వచ్చాక చెబితే తగ్గించరు. యాత్ర నెలలో సామాను దొరకదు.